నాలుగంగుళాల గీత

ఆ సోమవారం ఉదయం జోలీన్ హోటల్లో కాఫీ కంటే కోచ్ ఆస్టెన్‌డార్ఫ్ పేరే ఎక్కువ ఖర్చయింది.

శనివారం మా కార్వెల్ కాలేజీ కుర్రాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్‌లో బ్రెన్నర్ కాలేజీని పదిహేడు - పద్నాలుగుతో ఓడించారు. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత లీగ్ కప్పు ఊళ్లోకొచ్చింది. కప్పయితే వచ్చింది గానీ అది ఎవరి పుణ్యమన్నది తేలలేదు. అది తేల్చే బాధ్యత దేవుడు తమ మీదే పెట్టినట్టు డ్వైట్ హాగెన్, రూడీ షాక్ పొద్దున ఆరింటికే కౌంటర్ ముందు ఎత్తు కుర్చీలెక్కి కూర్చున్నారు. డ్వైట్ నలభై ఏళ్లు విత్తనాలమ్మి రిటైరైన మనిషి. రూడీ హైస్కూల్ జట్టులో ముందు వరస కుర్రాళ్లకి అవతలివాళ్లని తొయ్యడం నేర్పి రిటైరైనవాడు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాకుండా అరవై ఏళ్లు నెట్టుకొచ్చారు.

"గుండెకాయ ఉండాల్రా దానికి," అన్నాడు డ్వైట్. "ఇంకో రెండు నిమిషాలుంది ఆట. మూడు పాయింట్లు మనం ముందున్నాం. ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడు అయిపోయాయి, దాటాల్సిన పది గజాల్లో ఇంకా గజం మిగిలింది. ఇంకో కోచ్ అయితే ఏం చేసేవాడు? బంతిని దూరంగా తన్నించి దణ్ణం పెట్టుకునేవాడు. మనాయన తన్నించలేదు. నాలుగోసారి కూడా పరిగెత్తించాడు! గజం రాకపోతే? బంతి వాళ్ల చేతికి! అదీ మన సగంలో!"

"పరిగెత్తింది ఆయనా?" అన్నాడు రూడీ కాఫీలోంచి తల ఎత్తకుండా. "ఆయన గట్టు మీద నుంచుని వేలు చూపించాడు. బురదలో ముక్కు పెట్టి అవతలవాళ్లని తోసింది ఆ అయిదుగురు లావుపాటి పిల్లలు. వాళ్ల పేర్లు చెప్పు చూద్దాం. ఒక్కడి పేరు చెప్పు."

డ్వైట్ చక్కెర డబ్బా కోసం చెయ్యి చాపాడు.

"చూశావా? పేరు కూడా తెలీదు నీకు."

జోలీన్ ఆపిల్ పై అనే తీపి రొట్టెని పళ్లెంలో తెచ్చి వాళ్ల మధ్య ఠక్కున పెట్టింది. "ఇదే గెలుపు అనుకోండి. కత్తి నా చేతిలో ఉంది. కోచ్‌కి ఎంత కొయ్యమంటారు?"

"ముప్పావు," అన్నాడు డ్వైట్.

"ఒక ముక్క. అదీ చిన్నది," అన్నాడు రూడీ. "మిగతాది ఆ పిల్లలకి పంపు, తింటారు పాపం."

హోటలంతా నవ్వింది. కౌంటర్ చివర్న గోడవార కూర్చున్న లీలండ్ మ్రాజ్ ఒక్కడే ఏమీ అనలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు కూడా. అడిగి లాభం లేదని ఊరందరికీ తెలుసు.

లీలండ్ మొక్కజొన్న గిడ్డంగిలో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు. శనివారాలు మా మైదానంలో గొలుసు పట్టే నలుగురిలో ఒకడు. రెండు కర్రల మధ్య పది గజాల గొలుసు, నాలుగు ప్రయత్నాల్లో జట్టు దాటాల్సిన దూరం అదే. ఇద్దరు కర్రలు పట్టుకుంటారు, ఒకడు ఎన్నో ప్రయత్నమో అంకె చూపిస్తాడు, నాలుగోవాడు క్లిప్పు పెడతాడు. లీలండ్ క్లిప్పు మనిషి, ఇరవై రెండేళ్లుగా. గొలుసువాళ్లు ఆటగాళ్లకి ఆరడుగుల దూరంలో నుంచుంటారు. కోచ్‌లు తిట్టే తిట్లన్నీ వింటారు. కానీ చప్పట్లు కొట్టకూడదు, కాలేజీ రంగు తొడుక్కోకూడదు, విన్నది బయట చెప్పకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టిలేదు గానీ మా దగ్గర ఎవరూ తప్పలేదు. ఎవరైనా ఆట గురించి అడిగితే లీలండ్ ఒకటే జవాబు చెప్పేవాడు. "నేను క్లిప్పు చూస్తున్నాను."

ఆదివారం పేపర్లో మొదటి పేజీ మీద వచ్చిన ఫోటోని జోలీన్ కౌంటర్ వెనక గోడకి అంటించింది. మన కుర్రాడు బంతిని పొట్టకి అదుముకుని, గాల్లో ఒక కాలు, కళ్లు మూసుకుని దూకుతున్నాడు. అందరూ వాడినే చూశారు. లీలండ్ కూడా మొదట వాడినే చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ కళ్లు కిందికి దిగి, ఫోటో మూల గడ్డిలో పడున్న గొలుసు మీద ఆగాయి. దాని మీద నారింజ రంగు క్లిప్పు, క్లిప్పు పక్కన తెల్ల సున్నపు గీత.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, లేచి, కౌంటర్ వెనక్కి వెళ్లి, కళ్లజోడు తీసి ఫోటోకి జానెడు దూరంలో ముఖం పెట్టి చూశాడు.

"ఏం బాబాయ్, గుడ్లు మాడుతున్నాయి, తప్పుకో," అంది జోలీన్.

క్లిప్పు గీతకి ముందరి అంచున ఉంది.

లీలండ్ తప్పుకున్నాడు. కప్పులో సగం కాఫీ వదిలేసి వెళ్లిపోయాడు. అలా వదిలేసి వెళ్లడం జోలీన్ ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజంతా కాటా మీదికి లారీలు ఎక్కుతూనే ఉన్నాయి. లీలండ్ ప్రతి లారీకీ ముల్లు నిలబడేదాకా ఆగి, బరువు చూసి, చీటీ చింపి డ్రైవర్‌కి ఇచ్చాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం శనివారం దగ్గరే ఉండిపోయింది.

మైదానం మీద అయిదు గజాలకో సున్నపు గీత ఉంటుంది. గొలుసు నేల మీద పరిచినప్పుడు ఏదో ఒక గీతని దాటుతుంది కదా, సరిగ్గా ఆ దాటేచోట గొలుసుకి క్లిప్పు తగిలించాలి. తర్వాత కొలవాల్సొస్తే అంపైరు క్లిప్పు దగ్గర గొలుసు పట్టుకుని మైదానం మధ్యకి తీసుకెళ్లి, అదే గీత మీద క్లిప్పు ఆనిస్తాడు. అప్పుడు గొలుసు ఉన్నచోటే ఉన్నట్టు లెక్క. అయితే గీత దారమంత సన్నంగా ఉండదు. నాలుగంగుళాల వెడల్పు. దానికి రెండంచులు, జట్టు వెళ్లే వైపుది ముందరిది, ఇవతలిది వెనకది. ఏ అంచున తగిలించాడో ఆ అంచునే ఆనించాలి. లీలండ్ ఎప్పుడూ వెనకంచునే తగిలిస్తాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారీ శనివారమే. వడగళ్లతో కలిసి వాన పడింది. పక్కన నుంచున్న అదనపు ఆటగాళ్లు బూట్లతో తొక్కితొక్కి గీత వెనకంచుని బురద చేశారు. ఎక్కడ సున్నం ఆగిందో, ఎక్కడ మట్టి మొదలైందో తెలీలేదు. లీలండ్ వంగి, చేతి తొడుగు విప్పి, వేలితో తడిమి చూసి, శుభ్రంగా కనిపిస్తున్న ముందరి అంచునే క్లిప్పు తగిలించాడు. మర్చిపోకుండా మనసులో రెండుసార్లు అనుకున్నాడు కూడా. తర్వాత నాలుగు ప్రయత్నాలు, నాలుగు తోపులాటలు. మైదానమంతా లేచి నుంచుని అరుస్తోంది. అంపైరు పరిగెత్తుకుంటూ వచ్చి క్లిప్పు దగ్గర గొలుసు పట్టుకుని "ఏ అంచు?" అని అడిగాడు.

"వెనకంచు," అన్నాడు లీలండ్.

జవాబు చెప్పింది ఆయన కాదు, ఆ ఇరవై రెండేళ్లు. ముందరి అంచున పెట్టిన క్లిప్పుని వెనకంచున ఆనిస్తే గొలుసు మొత్తం నాలుగంగుళాలు వెనక్కి జరుగుతుంది. దాటాల్సిన కర్ర నాలుగంగుళాలు దగ్గరికొస్తుంది. మనవాళ్లు దాటింది రెండంగుళాలు.

అంటే దాటలేదు. రెండంగుళాలు తక్కువొచ్చారు.

మంగళవారం పొద్దున లీలండ్ లీగ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి మర్యాదగానే విని, రిఫరీ సంతకం పెట్టాక ఫలితం మారదని, మీరు అనవసరంగా మనసు పాడుచేసుకోకండని చెప్పి, ఆరోగ్యం జాగ్రత్త అని కూడా అంది. ఆయన ఫోన్ పెట్టేసి హోటల్‌కి వచ్చేసరికి అక్కడ ఇంకో కబురు సిద్ధంగా ఉంది. బ్రెన్నర్ కాలేజీ తన కోచ్ కర్టిస్ బెయిర్డ్‌ని తీసేసింది.

"తీసెయ్యక?" అన్నాడు డ్వైట్. "ఒక్క గజం. తిప్పితిప్పి కొడితే మూడడుగులు. అది ఆపించలేనివాడికి కోచ్ ఉద్యోగమెందుకు?"

లీలండ్ రూడీ వైపు చూశాడు. రూడీ ఏదో ఒకటి అంటాడనుకున్నాడు. ఆపాల్సింది పిల్లలు కదా, కోచ్ ఎలా ఆపుతాడని నిన్నటి వరసలోనే అంటాడని.

"ఆ బెయిర్డ్‌కి మొదట్నుంచీ చేతకాదు," అన్నాడు రూడీ. "మూడేళ్లయింది వచ్చి. జట్టుని మట్టిలో కలిపేశాడు."

లీలండ్ కాఫీ కప్పు పక్కకి నెట్టాడు. గెలుపు దగ్గరికొచ్చేసరికి ముక్కలు కోసి, నీకింత నాకింత అని రెండు రోజులుగా కొట్టుకుంటున్నారు. ఓటమిని మాత్రం కత్తి కూడా ముట్టకుండా పళ్లెంతో సహా ఒక్క మనిషి నెత్తిన పెట్టేశారు. అందులో తన వాటా ఒకటుందని, అదే అన్నిటికన్నా పెద్దదని తెలిసిన మనిషి ఈ గదిలో తనొక్కడే. ఆయనకి సిగ్గేసింది. ఇరవై రెండేళ్లుగా తప్పు లేకుండా కొలిచానన్నదే ఆయనకున్న ఒకే ఒక్క గొప్ప. అది పోతుందన్న భయం కూడా వేసింది. ఆ భయం ముందేసినందుకు ఇంకా సిగ్గేసింది.

బుధవారం పొద్దున ఆయన వచ్చి కూర్చోలేదు. తిన్నగా గోడ దగ్గరికెళ్లి ఫోటో మీద వేలు పెట్టాడు.

"అందరూ ఒకసారి ఇటు చూడండి."

లీలండ్ తనంతట తను ఆట గురించి మాట్లాడటం హోటల్లో ఎవరూ వినలేదు. ఫోర్కులు ఆగాయి. ఆయన క్లిప్పు చూపించాడు, అంచు చూపించాడు, తనేం చెప్పాడో చెప్పాడు. కాటా చీటీ చదివినట్టు ఎత్తుపల్లాలు లేకుండా చెప్పాడు. "మనం దాటలేదు. దాటకపోతే గెలిచేవాళ్లమో లేదో కూడా తెలీదు. ఆ బంతి వాళ్లకి పోవాల్సింది," అని ముగించాడు.

స్టవ్ మీద వెన్న చిటపటలాడింది.

ముందు రూడీ తేరుకున్నాడు. బల్ల మీద గట్టిగా చరిచాడు. "వింటున్నావురా డ్వైట్? నీ కోచ్ గుండెకాయ అంటివే! గుండెకాయ లేదు, ఏం లేదు. గెలిపించింది మన లీలండ్!"

"ఇదేం మాట్రా?" డ్వైట్ మొహం ఎర్రబడింది. "ఏం లీలండ్, నీకూ ముక్క కావాలా ఇప్పుడు? అందరూ అయిపోయారు, ఇంక గొలుసువాళ్లు మిగిలారా?"

"నేను ముక్క అడగట్లేదు, డ్వైట్. తప్పు చేశానంటున్నాను."

"తప్పా? అలాంటి తప్పు ఏడాదికొకటి చెయ్యి నాయనా!" అన్నారెవరో వెనక బల్ల మీంచి. నవ్వులు పేలాయి. ఇంకెవరో వచ్చి వీపు తట్టారు. జోలీన్ ఆయన ముందు రెండు గుడ్లు, బేకన్ పెట్టి "ఇవాళ్టిది హోటల్ ఖాతాలో, బాబాయ్," అంది, మెచ్చుకోలుగా. రూడీ అప్పటికే వాటాలు కొత్తగా పంచుతున్నాడు. పిల్లలకి సగం, లీలండ్‌కి పావు, కోచ్‌కి ఏమీ లేదు. డ్వైట్ ఒప్పుకోలేదు. గొలుసు అటు జరిగినా ఇటు జరిగినా తన్నకుండా పరిగెత్తించిన తెగువ కోచ్‌దేనని అరుస్తున్నాడు.

లీలండ్ ఆ పళ్లెం వైపు చూశాడు. తినలేకపోయాడు. దొంగతనం చేశానని ఒప్పుకుంటే పెళ్లికి పిలిచినట్టుంది. బ్రెన్నర్ పేరు ఒక్కరి నోటా రాలేదు. ఈ గెలుపు ఎవరి దగ్గర్నుంచి లాక్కొచ్చారో గుర్తుందా అని అడుగుదామనుకున్నాడు. అడిగినా అదీ వాదనలో కలిసిపోతుందనిపించి ఊరుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి అరవై మైళ్లు నడుపుకుంటూ బ్రెన్నర్ వెళ్లాడు. దారికి రెండు వైపులా కోసేసిన మొక్కజొన్న మోళ్లు, వాటి మీద పలచగా మంచు. ఏం చెప్పాలో కారులో నాలుగైదుసార్లు అనుకున్నాడు. కాలేజీ జిమ్ముకి చేరేసరికి అన్నీ మర్చిపోయాడు.

ఆటల సామాను తిరిగి అప్పగించే రోజది. నడవ పొడుగునా కుర్రాళ్లు వరసలో నుంచున్నారు, ఒక్కొక్కడి చేతుల్లో భుజాల కవచాలు, హెల్మెట్, మడత పెట్టని జెర్సీ. కిటికీ దగ్గర సామాను చూసే మనిషి ఒక్కో వస్తువూ తీసుకుని టిక్కు పెడుతున్నాడు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవట్లేదు. కోచ్ గది ఎక్కడని అడిగితే ఒకడు గడ్డంతో చూపించాడు.

కర్టిస్ బెయిర్డ్ యాభై దాటిన పొట్టి మనిషి. అరల్లోంచి పుస్తకాలు తీసి అట్టపెట్టెలో సర్దుతున్నాడు. లీలండ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సార్, నా పేరు లీలండ్ మ్రాజ్. కార్వెల్‌లో గొలుసు దగ్గర క్లిప్పు పెట్టేది నేనే."

బెయిర్డ్ చేతిలో పుస్తకం అలాగే ఉంది. "గుర్తుపట్టాను. మీరు వేలితో బురద తడిమి చూస్తుంటే, ఈయనెవరో పని తెలిసిన మనిషని అనుకున్నాను."

లీలండ్ మొత్తం చెప్పాడు. ముందరి అంచు, వెనకంచు, అంపైరు అడిగిన మాట, తన నోట వచ్చిన మాట. పేపర్ ముక్క కత్తిరించి తెచ్చాడు, అది బల్ల మీద పెట్టాడు. బెయిర్డ్ వంగి చూశాడు.

"ఎంత తక్కువ?"

"రెండంగుళాలండీ."

"అంటే మావాళ్లు ఆపారు."

"ఆపారు సార్."

బెయిర్డ్ బల్ల అంచు మీద కూర్చున్నాడు. లీలండ్ ఆగలేకపోయాడు. "నేను మీ కాలేజీ వాళ్లతో మాట్లాడతాను. ఎవరితో మాట్లాడమంటే వాళ్లతో. రాసిస్తాను, సంతకం పెడతాను. మీ ఉద్యోగం..."

"నా ఉద్యోగం ఆ రెండంగుళాల్లో పోలేదండీ," అన్నాడు బెయిర్డ్. మాటలో కోపం లేదు. "మూడేళ్లుగా పోతూనే ఉంది. శనివారం తలుపేశారు, అంతే. ఇవాళ మీరొచ్చి చెప్తే వాళ్లు తలుపు తియ్యరు." అని లేచాడు. "మీరు అరవై మైళ్లొచ్చారు. ఇంకో ఇరవై అడుగులు వస్తారా?"

నడవలోకి తీసుకొచ్చాడు. వరసలో ఉన్నవాళ్లంతా కోచ్‌ని చూసి నిటారుగా నుంచున్నారు. "బాబులూ, ఈయన కార్వెల్ నుంచి వచ్చారు. మీకో మాట చెప్పాలట. వినండి," అని, తను వెనక్కి తప్పుకుని గోడకి ఆనుకున్నాడు.

లీలండ్ రెండడుగులు ముందుకేశాడు. ముప్పై నలభై మంది. అందరిలోకీ వెడల్పుగా ఉన్న కుర్రాడు డెషాన్ పార్క్స్, ఆ చివరి పరుగుకి అడ్డంపడినవాడు. రెండంగుళాలు జారవిడిచినవాడని పేపరు రాసింది వాడి గురించే. వాడి చెంప మీద గీరుకున్న చారలు ఇంకా మానలేదు. లీలండ్ వాడి వైపే చూస్తూ చెప్పాడు. ఈసారి చిన్నగా చెప్పాడు, అంచుల సంగతి రెండు ముక్కల్లో ముగించి, "తప్పు నాది. మీరు ఆపారు," అన్నాడు.

"మళ్లీ చెప్పండి," అన్నాడు పార్క్స్.

"మీరు ఆపారు, బాబూ."

"అయిదు రోజులయింది." పార్క్స్ గొంతు పెరిగింది. "మా నాన్న ఫోన్ చేస్తే నేను తియ్యట్లేదు. ఇప్పుడొచ్చి చెప్తారా? ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"ఏం లాభం లేదు," అన్నాడు లీలండ్. "కానీ మీకు తెలియాలి."

పార్క్స్ చేతిలో కవచాలు నేల మీద పెట్టేశాడు. లీలండ్‌ని వదిలేసి గోడ దగ్గరున్న బెయిర్డ్ వైపు తిరిగాడు. "కోచ్, మీరే కదా చెప్పారు! వాళ్లు తన్నరు, పరిగెత్తుతారు, కుడిపక్క సందులోంచే వస్తారని. నన్ను రెండడుగులు జరిపి నుంచోబెట్టారు. నేను కదల్లేదు, వాడొచ్చి నా మీద పడ్డాడు. అంతే నేను చేసింది."

"నుంచోమన్నాను," అన్నాడు బెయిర్డ్. "వాడు నీ మీద పడ్డప్పుడు నువ్వు వెనక్కి పోలేదు. అది నేను చెప్తే వచ్చేది కాదు."

"మీరు చెప్పకపోతే నేనక్కడ ఉండేవాణ్ణే కాదు."

"ఉండి కూడా ఆపలేనివాళ్లని బోలెడంత మందిని చూశాను."

ఇద్దరూ పోట్లాడుకుంటున్నట్టే ఉంది. ఇది నాది కాదు నీదంటే, నాది కాదు నీదని. లీలండ్ వారం పొడుగునా వాటాల తగువు విన్నాడు గానీ, ఎవరి వాటా వాళ్లు అవతలివాడి చేతిలో ఇలా కుక్కుతుంటే చూడటం ఇదే మొదలు. ఎటు చూడాలో తెలియక టోపీ నలుపుతూ నుంచున్నాడు.

చివరికి పార్క్స్ మోచేత్తో కళ్లు తుడుచుకుని ఆయన దగ్గరికొచ్చాడు. "ఎంత అన్నారు?"

"రెండంగుళాలు."

"చూపించండి."

లీలండ్ కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలు, చూపుడువేలు ఎడంగా పెట్టి చూపించాడు. బతుకంతా కొలిచిన చెయ్యి అది, వెంట్రుకవాసి అటూ ఇటూ కాదు. పార్క్స్ వంగి ఆ సందులోకి తేరిపార చూశాడు. ఒకసారి ఊపిరి వదిలి, తల ఊపి, పక్కకి తప్పుకున్నాడు. వాడి వెనక ఇంకొకడు వచ్చి చూశాడు. తర్వాత ఇంకొకడు. ఎవరూ చెప్పకుండానే సామాను కిటికీ దగ్గరి వరస ఇటు తిరిగింది. ఒక్కొక్కడూ వచ్చి, చూసి, ఏమీ అనకుండా పోతున్నాడు. సామాను మనిషి పెన్ను చెవి వెనక పెట్టుకుని తనూ వచ్చి చూశాడు.

లీలండ్ ఎడమచేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకుని, ఆ కాస్త ఎడం చెదరకుండా చెయ్యి ఎత్తే ఉంచాడు. ఇంకా ఆరుగురు చూడాల్సినవాళ్లు ఉన్నారు. వాళ్లందరి వెనక, వరస చివర, తన వంతు కోసం కర్టిస్ బెయిర్డ్ నుంచుని ఉన్నాడు.